అర సెకను మొహమాటం

నీలవేణికి కాదనడం రాదు. ఇరిగేషన్ శాఖలో చేరి పదమూడేళ్లయింది, కోనసీమ కాలవల మీద మూడు సెక్షన్లు చూసింది, అయినా ఆ ఒక్క మాటకి మాత్రం ఆమె నోరు తిరగలేదు. పక్క సెక్షన్ ఇంజనీరు తన కొలతల పుస్తకాలు ఆమె బల్ల మీద పెట్టి "కాస్త చూడండి మేడమ్" అని పెళ్లికి వెళ్లిపోతే, రెండు రోజులు కూర్చుని అవన్నీ ఆమే రాసింది. ఇంటికి చీరలు తెచ్చే ఆవిడ మూట విప్పిందంటే, తనకి నప్పని రంగైనా సరే ఒకటి తీసుకునే పంపేది. వాటి గురించి ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్లు. కానీ కాలవ దగ్గరికి వచ్చేసరికి అది నవ్వుకునే సంగతి కాదు.

ఆమె పని నీళ్లు పంచడం. పెదగరువు లాకుల దగ్గర, అంటే పెద్ద కాలవ తలుపుల దగ్గర మొదలై, పదకొండు కిలోమీటర్లు పారి, సముద్రానికి కాస్త ఇవతల మొగలిమెరకలో ఆగిపోయే పిల్లకాలవ ఒకటి ఆమె చేతికింద ఉంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్లు సరిపోవు కాబట్టి వంతులు పెడతారు. వారంలో మూడు రోజులు ఎగువ ఊళ్లకి, నాలుగు రోజులు దిగువకి. దిగువ వంతు నడిచే రోజుల్లో ఎగువ తూములన్నీ దించి తాళాలు వెయ్యాలి. ఆ తాళం చెవులు నీలవేణి దగ్గర ఉంటాయి. ఆమె ఆఫీసు లాకుల పక్కనే, అంటే పెదగరువు ఊళ్లోనే.

జనవరి చివరి వారంలో అడ్డాల భీమేశ్వరరావు మరో నలుగురు రైతులని వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, తెల్లటి లుంగీ, పెద్ద గొంతు. పెదగరువులో పద్దెనిమిదెకరాల ఆసామి.

"ఒక్క గంటండి అమ్మా. గంటంటే గంటే. నాలుగు మళ్లు తడిసిపోతే మళ్లీ మీ గుమ్మం తొక్కమండి."

"ఇవాళ దిగువ వంతు కదండీ..." అంది నీలవేణి.

భీమేశ్వరరావు మొహం కొంచెం వాడింది. వాడిందో, వాడబోయిందో. ఆమెకి గుండెల్లో ఏదో నొక్కేసినట్టయింది. తాళం తీసి లస్కరు సత్తిరాజు చేతిలో పెట్టింది. కాలవ మీద తూములు ఎత్తి దించేది ఆ లస్కరే. ఆ గంట మర్నాటి దాకా సాగింది. మర్నాడు మరో నలుగురు వచ్చారు.

ఇలా మొదలైన మూడో వారంలో మొగలిమెరక నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. రెండు ఆటోలు మారి, మిగతాది నడిచి వచ్చింది. చేతిలో వరి మొక్కల కట్ట ఉంది. వేళ్లతో సహా పీకి తెచ్చినవి, ఆకులు చుట్టలు చుట్టుకుని గడ్డి రంగుకి తిరిగిపోయాయి. వాటిని బల్ల మీద పెట్టింది. తిడుతుందేమోనని నీలవేణి ఎదురుచూసింది. నూకరత్నం తిట్టలేదు.

"నాట్లేసి ఇరవై రోజులండి. తవరోసారి సూత్తారని తెచ్చానండి."

"రెండు రోజుల్లో నీళ్లు పంపిస్తానండి, తప్పకుండా."

"అలాగేనండి. రోజూ వచ్చి అడగాలంటే మాకు దూరవండి," అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నీలవేణి చాలాసేపు ఆ కట్టనే చూస్తూ కూర్చుంది. తను మంచిదాన్నని పదమూడేళ్లుగా అనుకుంటోంది. అందరూ అదే అంటారు. కానీ తన మంచితనం ఎదురుగా వచ్చి నిలబడ్డవాళ్లకే అందుతోంది. పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ల మొహాలు తనకి కనబడవు కాబట్టి, వాళ్ల నీళ్లు తీసి వీళ్లకి పోస్తోంది.

ఆ ఆదివారం కాకినాడ వెళ్లి తమ్ముడు దివాకర్‌ని కలిసింది.

దివాకర్ అక్కడి విశ్వవిద్యాలయంలో మెదడు మీద పరిశోధన చేస్తాడు. ఎనిమిదేళ్లుగా ఒకే సంగతి పట్టుకుని ఉన్నాడు. పెళ్లి మాట ఎత్తితే ప్రయోగశాలలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడని వాళ్లమ్మ బాధ. అక్క చెప్పిందంతా విని, ఆమెని ఓ కుర్చీలో కూర్చోబెట్టి తలకి తీగల టోపీ తొడిగాడు. ఎదురుగా తెర మీద ఒక ముసలాయన నవ్వుతూ కనబడ్డాడు.

"ఈయన నిన్ను ఏదో అడుగుతున్నాడనుకో. కుదరదని చెప్పాలి. చెప్పాలనుకున్నప్పుడు ఈ మీట నొక్కు."

నీలవేణి వేలు మీట మీద పెట్టింది. నొక్కడానికి కొంతసేపు పట్టింది. నొక్కగానే తెర మీది ముసలాయన నవ్వు మెల్లగా మాయమైంది. పక్కన కాగితం మీద ఓ గీత కొండలా లేచి పడింది.

"చూశావా?" దివాకర్ కాగితం చింపి చూపించాడు. "ఆయన మొహం మారింది ఇక్కడ. నీ మెదడు బాధపడింది ఇక్కడ. అర సెకను ముందు. ఎదుటివాడికి రాబోయే నిరాశని వాడికంటే ముందు నువ్వు పడిపోతున్నావు. అది తట్టుకోలేక సరే అనేస్తున్నావు. కొంతమందికి ఈ గీత అసలు లేవదు. కొంతమందికి ఇంతే లేస్తుంది. నీ అంత లేచినవాళ్లని నేను చూళ్లేదక్కా."

"దీనికి పేరేమైనా పెట్టావా?"

"పేపర్లో పెద్ద పేరే పెట్టాను. మనింట్లో పేరు మొహమాటం."

సొరుగులోంచి చింతగింజంత బిళ్ల ఒకటి తీశాడు. చెవి వెనక అతికిస్తే, ఆ అల లేవబోతున్నప్పుడు పసిగట్టి అణిచేస్తుందట. పదకొండుమంది మీద ప్రయోగశాలలో పరీక్షించాడు. బయట, ఉద్యోగాల్లో, ఇళ్లల్లో ఎలా ఉంటుందో ఇంకా తెలియదు.

"నాకు పెట్టు," అంది నీలవేణి.

"నీకా? కుదరదు. సొంత అక్క మీద ప్రయోగమంటే యూనివర్సిటీ కమిటీ ఒప్పుకోదు. అమ్మ అసలే ఒప్పుకోదు."

"కమిటీకి నేను మీ అక్కనని కూడా చెప్పు. రోజూ నలభైమందికి కాదని చెప్పాల్సిన ఉద్యోగం నాది. ఇంతకంటే పనికొచ్చే మనిషి నీకు దొరకదు. దొరుకుతుందా?"

దివాకర్ తల గోక్కున్నాడు. పది రోజుల తర్వాత కమిటీ నుంచి అనుమతి వచ్చింది. ఆరు వారాలు. ప్రతి ఆదివారం బిళ్ల తెచ్చి అందులో నమోదైనదంతా ప్రయోగశాలలో అప్పగించాలి. చివర్లో ఏం జరిగిందో నీలవేణి తన చేత్తో నివేదిక రాసి నేరుగా కమిటీకి పంపాలి. దాన్ని బట్టే వాళ్లు ఈ పరిశోధనకి మరో మూడేళ్లు ఇవ్వాలా వద్దా అన్నది తేలుస్తారు.

బిళ్ల పెట్టుకున్న మర్నాడే భీమేశ్వరరావు వచ్చాడు.

"ఒక్క గంటండి అమ్మా..."

"కుదరదండి. మీ వంతు శుక్రవారం."

అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో నీలవేణికే ఆశ్చర్యమేసింది. గుండెల్లో ఏ నొక్కుడూ లేదు. ఎదురుగా ఒక పెద్దమనిషి ఉన్నాడు, అతను అడిగాడు, తను చెప్పింది. అంతే. భీమేశ్వరరావు అలవాటుగా కాసేపు నిలబడ్డాడు, ఆమె ఎప్పట్లా మెత్తబడుతుందని. ఆమె కాగితాలు చూసుకుంటోంది.

"ఏవండి, ఒంట్లో బాగోలేదాండి?"

"బాగానే ఉందండి. శుక్రవారం పొద్దున్న ఆరింటికి తూము ఎత్తుతారు. నిమిషం కూడా ఆలస్యం కాదు."

ఆ శుక్రవారం నిజంగానే ఆరింటికి ఎత్తారు. సోమవారం ఆరింటికి దించారు. పక్క సెక్షన్ ఇంజనీరు కొలతల పుస్తకాలు తెచ్చి పెడితే, నీలవేణి వాటిని అలాగే తీసి అతని చేతిలో పెట్టింది. చీరల ఆవిడ మూట విప్పకముందే వెళ్లిపోయింది. శ్యాంబాబు, అంటే నీలవేణి భర్త, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. వేసవిలో తన పెద్దమ్మ కొడుకు కుటుంబమంతా వచ్చి పదిహేను రోజులుంటారట అని ఫోను చేత్తో పట్టుకునే చెప్పాడు. "మూడు రోజులైతే రమ్మను," అంది నీలవేణి. ఫోనులో ఆ మాట వినబడిపోయింది. పన్నెండేళ్ల కూతురు లాస్య పుస్తకం అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. శ్యాంబాబు కూడా వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాడు.

తొమ్మిదో రోజున నీళ్లు మొగలిమెరక చేరుతున్నాయని సత్తిరాజు ఫోన్ చేస్తే నీలవేణి చూడ్డానికి వెళ్లింది. ఎండిన కాలవలో నీళ్లు వస్తుంటే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. ముందు చిన్న చప్పుడు. తర్వాత ఎండుటాకులు, కొబ్బరి పీచు, నురుగు, అన్నీ కలిసి ఒక గోధుమరంగు చాపలా దొర్లుకుంటూ వచ్చాయి. దాని వెనక నీళ్లు. బీటల్లోకి దిగుతూ, మళ్లీ పొంగుతూ, మెల్లగా ముందుకి. పిల్లలు దాని పక్కనే గట్టు మీద నడుస్తున్నారు, ఊరేగింపుకి ముందు నడిచినట్టు. కొంగలు ఎక్కడినుంచి వచ్చాయో వచ్చేశాయి. నూకరత్నం మోకాళ్ల దాకా చీర ఎత్తి కట్టుకుని చేలోకి నీరు తెచ్చే బోదెకి అడ్డంగా ఉన్న మట్టి పారతో లాగేసింది. నీళ్లు మడిలోకి తిరగ్గానే పార వదిలేసి ఊరికే నిలబడింది.

"ఎనిమిదేళ్లయిందండి, దాళ్వాకి ఇంత నీరు సూసి," అంది.

ఆ మాటతో నీలవేణికి కలిగిన సంతోషాన్ని బిళ్ల ఏమీ చెయ్యలేదు. అది కేవలం బాధనే అణిచేది. ఆ రోజు స్కూటర్ మీద ఇంటికి వస్తూ ఆమె పాట పాడుకుంది.

అలా నాలుగు వారాలు గడిచాయి. మధ్యలో ఒకసారి మాత్రం శ్యాంబాబు అన్నం తింటూ అన్నాడు, "ఇదివరకు నేను నోరు తెరవకముందే నీకు తెలిసిపోయేది."

"ఏమిటి తెలిసేది?"

"ఏదో ఒకటి. కాలేజీలో గొడవైందనో, తలనొప్పిగా ఉందనో. ఇప్పుడు చెబితే గానీ తెలియట్లేదు. తప్పనట్లేదు, చెబుతాలే," అని పెరుగు కలుపుకున్నాడు.

ఐదో వారం మంగళవారం నాడు సత్తిరాజు ఆఫీసుకి వచ్చాడు. యాభై ఏడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ కాలవ మీదే ఉన్నాడు. ఏ తూము ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీరు దిగుతుందో అతని చేతులకి తెలుసు.

"రెండ్రోజులు సెలవు కావాలండి. రాజమండ్రి ఎళ్లాలండి."

"వంతు మధ్యలోనా? కుదరదు సత్తిరాజు గారూ. ఇరవై రోజులు ఆగితే వంతులు అయిపోతాయి, అప్పుడు వెళ్లండి."

"అలాగేనండి," అన్నాడు సత్తిరాజు. అని కాసేపు అక్కడే నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. నీలవేణి నీటిమట్టాల పట్టిక నింపుతోంది. అతను వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున్న పదింటికి ఫోన్ వచ్చింది. కాలవకి ఏడో కిలోమీటరు దగ్గర గండి పడింది.

ఆ చోట గట్టు ఎన్నో ఏళ్లుగా నిండు కాలవని చూడలేదు. ఎండ్రకాయల బొరియలతో లోపలంతా గుల్లబారి ఉంది. పైగా ఆ రోజు కాలవలో ఉండాల్సిన దానికంటే అరడుగు నీరు ఎక్కువగా పారుతోంది. నీలవేణి వెళ్లేసరికి నాలుగు బారల వెడల్పున గట్టు తెగి, నీళ్లు పొట్టకొచ్చిన వరిమళ్ల మీద పడి, పక్కనే ఉన్న కొత్తకాలనీ ఇళ్ల వైపు తిరుగుతున్నాయి. కాలనీవాళ్లు గింజల బస్తాలు, మంచాలు అరుగుల మీదికి చేరవేస్తున్నారు.

ఇదివరకటి నీలవేణి అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏమని అడగాలి, ఏమనుకుంటారో అని తేల్చుకునేలోపు గండి పది బారలయ్యేది. అడగడానికి కూడా ఆమెకి అంత మొహమాటం. ఇప్పుడు అదేమీ లేదు. లాకులు దించమని సత్తిరాజుకి ఫోన్లో చెప్పింది. ఇసుక బస్తాలకి డిపోకి ఫోన్ చేసింది. సరుగుడు తోట యజమానిని కర్రలడిగింది. ఆ వెంటనే భీమేశ్వరరావుకి చేసింది.

"మీ ట్రాక్టర్లు రెండూ, మనుషులూ కావాలండి. ఏడో కిలోమీటరుకి. వెంటనే."

"నీళ్లడిగితే లేదన్నారు కదమ్మా."

"అన్నానండి. మళ్లీ అడిగినా అదే అంటాను. ఇప్పుడు మనుషులు కావాలి."

ఆ పెద్ద గొంతు అడిగింది, "ఎంతమందండి?"

నలభైమంది వచ్చారు. దిగువ నుంచి మరో ముప్పైమంది. కర్రలు పాతి, తాటిదుంగలు అడ్డం వేసి, బస్తాలు పేర్చారు. భీమేశ్వరరావు గొంతు నీళ్ల చప్పుడుని మించి వినబడింది. మధ్యాహ్నం మూడింటికి గండి పూడింది. కాలనీలోకి నీళ్లు రాలేదు. ముప్పై ఎకరాల వరి మాత్రం నడుం లోతు నీళ్లలో ఉంది. అందులో సగమైనా దక్కుతుందని రైతులే అన్నారు.

బురద కాళ్లతోనే నీలవేణి లాకుల దగ్గరికి వెళ్లింది. నీటిమట్టం కొలబద్ద దగ్గర సత్తిరాజు కూర్చుని ఉన్నాడు.

"పొద్దున్న మట్టం ఎంత చూశారు?"

"మూడడుగుల ఆరండి."

"నాలుగు దాటి ఉంది. పక్కన బురద చార కనబడుతోందిగా."

సత్తిరాజు కొలబద్ద వైపు చూశాడు. కళ్లు చికిలించి, తల కొంచెం పక్కకి తిప్పి చూశాడు. అప్పుడు అర్థమైంది నీలవేణికి. అంకెలు అతనికి కనబడటం లేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"సంకాంతి ముందునుంచండి. శుక్లాలన్నారండి. రాజమండ్రి కంటాసుపత్రిలో రమ్మన్నారండి, ఆపరేషన్‌కి."

"అందుకా సెలవడిగారు? కళ్లకని చెప్పలేదే!"

సత్తిరాజు తల దించుకున్నాడు. "వంతుల్లో ఇలాంటిది చెబితే మీకు ఇబ్బందని నోరు రాలేదండి. ఇదివరకు మీరే అడిగేవోరు కదండి, ఏంటి సత్తిరాజు గారూ అని. ఆరోజు కూడా అడుగుతారని నిలబడ్డానండి."

నీలవేణి అతనికి ఎదురుగా గట్టు మీద కూర్చుంది. మరో లస్కరుని ఆ సాయంత్రమే వేయించి, సత్తిరాజుని సోమవారం రాజమండ్రి పంపించింది. ఆపరేషన్ బాగా జరిగింది.

మధ్యలో వచ్చిన ఆదివారం దివాకర్ ప్రయోగశాలలో బిళ్లలోని నమోదంతా తెర మీద పరిచాడు. ఇన్ని వారాల గీత. నిజానికి ఆమె దాకా చేరకుండా అణిచివేసిన ప్రతీ అల అందులో రాసి ఉంది. భీమేశ్వరరావు వచ్చిన రోజుల్లో ఒక మోస్తరు గుట్టలు. పక్క సెక్షన్ ఇంజనీరుది చిన్న గుట్ట. శ్యాంబాబు అన్నం తింటూ మాట్లాడినప్పుడు ఒకటి. మంగళవారం పదకొండూ ఇరవైకి మాత్రం గీత తెర పైఅంచు దాటిపోయింది.

"ఇది ఎవరు?" అన్నాడు దివాకర్.

"సత్తిరాజు గారు. సెలవడిగారు. నేను తలెత్తి కూడా చూడలేదనుకున్నాను."

"చూశావు. మామూలుగా చూడలేదు, అంతా చూశావు. ఆయన నోటితో చెప్పనిది నీ మెదడుకి తెలిసిపోయింది. నీదాకా రానివ్వలేదు, అంతే." దివాకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "కాదంటే నొచ్చుకుంటారన్న భయం వేరు, ఎదుటివాళ్ల బాధ కనిపెట్టడం వేరు అనుకున్నానక్కా. రెండూ ఒకే దారిన వస్తున్నాయి. ఒకటి మూస్తే రెండోదీ మూసుకుపోయింది."

నీలవేణి చెవి వెనక చెయ్యి పెట్టి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. ఒక నిమిషం దాకా ఏ తేడా తెలియలేదు. తర్వాత దివాకర్ మొహం చూసింది. అతను బాగా నిద్రపోయి చాలా రోజులైందని, పొద్దున్న ఏమీ తినలేదని, ఇప్పుడు ఏదో అడగబోతున్నాడని ఒక్కసారిగా తెలిసిపోయింది.

"అక్కా, నివేదికలో... నీళ్లు పంచడం గురించి రాస్తావు కదా. అది చాలా బాగా జరిగింది. గండి పడ్డప్పుడు కూడా బిళ్ల వల్లే తొందరగా పూడ్చగలిగావు. సత్తిరాజు గారి సంగతి మీ ఆఫీసు వ్యవహారం. అది రాయాలని రూలేమీ లేదు."

ఎనిమిదేళ్లు. పెళ్లి కూడా చేసుకోకుండా ఎనిమిదేళ్లు. నీలవేణికి గుండెల్లో నొక్కుడు మొదలైంది. పాతదే, ఐదు వారాల తర్వాత వచ్చింది కాబట్టి ఇంకా గట్టిగా వచ్చింది. అతని మొహం ఇంకా మారలేదు. కానీ మారితే ఎలా ఉంటుందో ఆమెకి అప్పుడే కనబడుతోంది. చిన్నప్పుడు గాలిపటం తెగిపోయినప్పుడు ఎలా ఉండేదో అలా.

"రాస్తానురా," అంది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"ఇంకొకరు పెట్టుకుంటారు దీన్ని. ఆసుపత్రిలో నర్సో, బడిలో టీచరో. వాళ్ల ఎదురుగా కూడా ఎవరో ఒకరు అడగలేక నిలబడతారు. రాయకపోతే ఎలా చెప్పు."

దివాకర్ మొహం ఆమె అనుకున్నట్టే మారింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి రెండు గ్లాసుల్లో టీ పోసుకుని వచ్చి ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"బిళ్ల లేకుండా నాకు కాదని చెప్పావు," అన్నాడు.

"చెప్పాను."

"పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి." మెల్లగా నవ్వాడు. "రాయి. తేదీ, టైమ్ కూడా వెయ్యి. పదకొండూ ఇరవై అని. అది లేకపోతే నేను రాసేదంతా సగం అబద్ధమే అవుతుంది."

కమిటీ మూడేళ్లు ఇవ్వలేదు. ఏడాది ఇచ్చింది. అణిచెయ్యడం ఆపి, ఆ అర సెకనులో మనిషి ఏమేం చూడగలుగుతున్నాడో దాన్ని పరిశోధించమంది. దివాకర్ నాలుగు రోజులు విసుక్కున్నాడు. ఐదో రోజు అక్కకి ఫోన్ చేసి గంటసేపు ఆపకుండా మాట్లాడాడు. అతను ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పకుండానే ఆమెకి తెలిసింది.

ఇక కాలవ సంగతి మిగిలింది. బిళ్ల తీసేనాటికి వంతులు ఇంకా రెండు వారాలు ఉన్నాయి. మర్నాడు సోమవారమే భీమేశ్వరరావు వచ్చి ఒక్క గంట అన్నాడు. నీలవేణి కుదరదంది. కానీ చెప్పడానికి ఎంతో సేపు పట్టింది. మంగళవారం ఇద్దరు వచ్చారు. బుధవారం అరగంట ఇచ్చేసింది. తన సంగతి తనకి తెలుసు. ఇలా అయితే వచ్చే వారానికి తాళాలు మళ్లీ పెదగరువు రైతుల చేతుల్లోనే తిరుగుతాయి.

ఆ సాయంత్రం తన పట్టికల మీద కాలవ పటం వేసుకుని చూస్తూ కూర్చుంది. స్వభావం మార్చుకుని పని చెయ్యడం చూసింది. అది కాదు దారి. స్వభావం ఇలాగే ఉంటుంది, మరి పనినే కాస్త జరిపితే? ఎదురుగా ఎవరుంటే వాళ్లకి కాదనలేని మనిషి తను. అయితే ఎదురుగా ఎవరుండాలి?

గురువారం డివిజన్ ఇంజనీరుకి దరఖాస్తు పెట్టింది. వంతులు అయ్యేదాకా తన ఆఫీసు మొగలిమెరకలోని పాత లస్కరు గదికి మార్చుకుంటానని.

"అక్కడ ఫ్యానైనా ఉండదమ్మా," అన్నాడాయన.

"సముద్రపు గాలి వస్తుందండి."

వద్దనడానికి ఆయనకి రూలేమీ దొరకలేదు. శుక్రవారం బల్ల, రెండు కుర్చీలు, తాళాల గుత్తి, పట్టికలు ట్రాలీ ఆటో ఎక్కి పదకొండు కిలోమీటర్లు దిగువకి వెళ్లాయి. గది చిన్నది కాబట్టి బల్ల వరండాలోనే వేశారు. మర్నాటినుంచి నూకరత్నం, ఇంకా నలుగురైదుగురు రైతులు పొలం పని అయ్యాక అక్కడికొచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అడగడానికి కాదు, ఊరికే. నీలవేణికి వాళ్ల మొహాలు అలవాటయ్యాయి. ఎవరి మడి ఏ మూల ఉందో, ఎవరికి నీరు ఎక్కడం లేదో వాళ్లు చెప్పకముందే తెలుస్తోంది.

మంగళవారం పదింటికి స్కూటర్ మీద భీమేశ్వరరావు వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. ఆ ఊరు రావడం ఆయనకి అదే మొదటిసారట, దారి మూడు చోట్ల అడిగాడట. నీలవేణి కుర్చీ చూపించింది. ఆయన కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒక్క గంటండి. ఇంకొక్క తడి పడితే గింజ గట్టిపడిపోద్దండి. గంటంటే గంటే."

ఆయన మొహంలో ఆశ కనబడింది నీలవేణికి. అది నిజమైన ఆశే. ఆయన వరికి ఆ తడి పనికొస్తుంది కూడా. గుండెల్లో మళ్లీ అదే నొక్కుడు. కానీ ఆమె కళ్లు అటు తిరిగితే అరుగు మీద నూకరత్నం ఉంది. ఆవిడ ఆ గంటని కోల్పోతే ఎలా ఉంటుందో అది కూడా అంతే స్పష్టంగా కనబడుతోంది.

"ఇవాళ గంటలన్నీ ఈవిడ మళ్లవండి," అంది. "పేరు నూకరత్నం గారు. ఆవిడ ఇస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. అడగండి."

భీమేశ్వరరావు అరుగు వైపు తిరిగాడు. నూకరత్నం చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఏమిటన్నట్టు ఆయన వైపు చూసింది. ఆమె కాళ్లకి ఇంకా మడి బురద ఉంది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఏ ఇంజనీరు గుమ్మంలోనూ తడబడని ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

"అబ్బే... ఏం లేదండి," అన్నాడు చివరికి. "కాలవ ఇక్కడిదాకా ఎలా వత్తందో ఓసారి సూద్దారని వచ్చానండి."

"మంచిదండి," అంది నూకరత్నం లేస్తూ. "ఇంత దూరం వచ్చారు, మా చేను కూడా సూసి ఎళ్లండి. భోజనం వేళకి వచ్చేత్తాం."

భీమేశ్వరరావుకి కాదనడానికి నోరు రాలేదు. చెప్పులు గట్టు దగ్గర విడిచి, లుంగీ ఎగ్గట్టి, ఆవిడ వెనకాలే మళ్లలోకి దిగాడు. నీలవేణి పట్టిక దగ్గరికి లాక్కుని, ఆ పూట మట్టం ఎంతో రాసుకుంది.